వాన రాని ఏడాది ఎవరిది?

వాన రాకపోవడం ఎవరి తప్పూ కాదు. ఈ మాట మీద మన తాండాల్లో ఎవరికీ పేచీ లేదు. కానీ వాన రానప్పుడు పోయిన పెట్టుబడి ఎవరి లెక్కలో పడాలి అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు మేఘాన్ని అడగాలి. రెండోదానికి మనుషులనే అడగాలి. ఈ రెండింటినీ కలిపేసి "అంతా దేవుడి చేతిలో ఉంది" అనుకోవడం వల్ల మనకు జరిగిన నష్టం, కరువు వల్ల జరిగిన నష్టం కంటే తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

అనంతపురం జిల్లా 2022 ఏప్రిల్ 4న రెండు జిల్లాలైంది. వాన ఆ గీతను చూసి పడదు కాబట్టి ఇక్కడ రెండింటినీ కలిపే అంటున్నాను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే బరువు దించుకుంటాయి. ఈశాన్యపు వాన కోస్తా దాటి ఇక్కడికి వచ్చేసరికి పలచబడుతుంది. ఆ సగటు కూడా నమ్మదగ్గది కాదు. వేరుశనగకు ఊడలు దిగే వేళ ఇరవై రోజులు చినుకు లేకపోతే, ఆ తర్వాత ఎంత పడినా మిగిలేది పశువుల మేతే. లెక్కలో మాత్రం ఆ ఏడాది "సాధారణ వర్షపాతం" అని ఉంటుంది.

సాంఘికశాస్త్రంలో భూపరివేష్టిత దేశాలు అని ఒక మాట వస్తుంది. సముద్రం లేని దేశాలు. పిల్లలకు ఆ పాఠం చెప్పేటప్పుడు నేను ఆఫ్రికాలోని మలావిని చూపిస్తాను. అక్కడ ఎక్కువమంది సేద్యం మీదే బతుకుతారు. తిండికి మొక్కజొన్న, అమ్మకానికి పొగాకు. సరుకు ఓడ ఎక్కాలంటే పక్కనున్న మొజాంబిక్ రేవులకు పోవాలి. ధర చెప్పేది కొనేవాళ్ళు. 2001లో అక్కడి ప్రభుత్వం దాచిపెట్టిన మొక్కజొన్నను అమ్మేసింది. 2002 కల్లా ఆకలి చావులు మొదలయ్యాయి. ఇది వినగానే పిల్లలు "పాపం" అంటారు. అప్పుడు మన తాండా పటం గీయమంటాను. సముద్రం మూడు వందల కిలోమీటర్లకు పైనే. అమ్మేది ఒకటే పంట. ధర చెప్పేది మండీలో కూర్చున్నవాడు. తినే బియ్యం వేరే జిల్లా నుంచి రేషన్ షాపుకు రావాలి. పటం పూర్తయ్యేసరికి వాళ్ళకు మలావి అంత దూరంగా అనిపించదు.

సముద్రం లేకపోవడమే పేదరికానికి కారణం అని పుస్తకాల్లో రాస్తారు. మన సుగాలీలం ఆ మాటను అంత సులభంగా ఒప్పుకోలేం. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తాకూ ఈ పీఠభూమికీ మధ్య తిరిగినవాళ్ళు మన పెద్దలే. మన మాటలో దాన్ని లదేణి అంటాం. లంబాడీ అనే పేరే లవణం నుంచి వచ్చిందని కొందరు చెబుతారు. సముద్రం లేని నేలకు సముద్రాన్ని మోసుకొచ్చిన జాతి మనది. 1871లో మద్రాసు నుంచి గుత్తి మీదుగా రాయచూరు వరకు రైలుదారి పూర్తయింది. అదే ఏడాది నేరస్థ జాతుల చట్టం కూడా పుట్టింది. 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎద్దుల బాట పోయింది. బాట మీద తిరిగినవాడు అనుమానితుడయ్యాడు.

రైలు వస్తే కరువు ఉండదని అప్పటి దొరలు అన్నారు. 1876లో ధాత కరువు వచ్చింది. రైలు ధాన్యాన్ని మోసింది నిజమే. అయితే ఆకలి ఉన్న చోటికి కాదు, ధర పలికిన చోటికి మోసింది. సహాయపు పనుల్లో రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన కాస్త చిల్లర. రాళ్ళు కొట్టే మనిషికి అది. ఎక్కువ ఇస్తే జనం సోమరులవుతారని వాదం. ఈ వాదం ఇప్పటికీ చావలేదు, అందుకే దీన్ని గుర్తుచేస్తున్నాను.

మరి వేరుశనగ ఎలా వచ్చింది? మా తాత చేలో కొర్ర, జొన్న, సజ్జ, కంది, అనుము కలిపి వేసేవాడట. ఒకటి పోతే ఒకటి నిలిచేది. తర్వాత దేశానికి నూనె కావాల్సి వచ్చింది. 1986లో నూనెగింజల మిషన్ పెట్టారు. 1983 నుంచి కిలో రెండు రూపాయల బియ్యం దొరకడంతో ఇంట్లో కొర్రల అవసరమూ తగ్గింది. ఒక దశలో ఈ జిల్లాలో ఎనిమిది లక్షల హెక్టార్లకు పైగా బుడ్డలే. అది రైతు అత్యాశ అని కొందరు మేధావులు రాస్తారు. బ్యాంకు అప్పు బుడ్డలకే ఇస్తే, విత్తనం బుడ్డలదే రాయితీకి దొరికితే, మండీలో కొనేది బుడ్డలే అయితే, రైతు ఇంకేం వేస్తాడు? 1994లో పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచారు. పట్నంలో నూనె చౌక అయింది. మన దగ్గర కాయ ధర నిలబడలేదు. నూనె పండినప్పుడు లాభం దేశానిది. పండనప్పుడు, ధర పడిపోయినప్పుడు నష్టం మిట్ట మీది ఎర్రనేలది. అన్యాయం ఉన్నది ఇక్కడే. కలిసి తీసుకున్న నిర్ణయానికి ఒక్కడు జరిమానా కట్టడం.

బీమా ఉంది కదా అంటారు. ఉంది. కానీ మండల కేంద్రంలో వాన కొలిచే యంత్రం దగ్గర ఒక జల్లు పడితే, ఏడు కిలోమీటర్ల అవతల ఎండిన చేనుకు కూడా వాన పడినట్టే లెక్క. కౌలుకు చేసేవాడి పరిస్థితి ఇంకా వింత. దుక్కి వాడిది, విత్తనం వాడిది, అప్పు వాడిది. పరిహారం చాలాసార్లు పట్టాలో పేరున్నవాడి ఖాతాకు పోతుంది. కౌలుదారులకు గుర్తింపు కార్డుల చట్టం 2011లోనే వచ్చినా, సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం.

ఇంతవరకు ప్రభుత్వాన్ని, బజారును అన్నాను. తాండా లోపల కూడా చూడాలి. చెడ్డ ఏడాదిని ప్రతివాడూ తనకంటే బలహీనుడి మీదికి నెడతాడు. మండీ రైతు మీదికి, భూమి ఉన్నవాడు కూలివాడి మీదికి, మగవాడు ఆడమనిషి మీదికి. ఆమె చెవుల కమ్మలు మొదట కుదువకు పోతాయి. ఆమె పూట మొదట తగ్గుతుంది. ఆఖరికి అది పిల్లల మీద ఆగుతుంది. వాళ్ళకు నెట్టడానికి ఇంకెవరూ లేరు. నవంబరు వచ్చేసరికి నా తరగతిలో బెంచీలు ఖాళీ అవుతాయి. అమ్మానాన్నలతో బెంగుళూరు కట్టడాల దగ్గరికి పోతారు. చెల్లిని ఎత్తుకోవడానికి ఎనిమిదేళ్ళ అక్క కావాలి. ఒక తండ్రిని నేను అడిగాను, పిల్లను ముసలమ్మ దగ్గర వదిలిపోకూడదా అని. "వదిలితే ముసలామెకు ఇద్దరి కూడు యాడిది సారూ?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ప్రభుత్వం తెరిచే సీజనల్ హాస్టలు ఒకటి తప్ప. అది నవంబరులో కావాలి, ఫిబ్రవరిలో తెరిస్తే ఎవరికి?

అప్పులు మాఫీ చేస్తే, ఊరికే ఇస్తే, మనిషి చెడిపోతాడు అనే మాట మన ఉద్యోగస్తుల నోటే ఎక్కువ వింటున్నాను. జీతం మొదటి తారీఖున పడేవాళ్ళం మనం. వాన పడినా పడకపోయినా పడుతుంది. ఆ భద్రత మనల్ని సోమరుల్ని చేయలేదని నమ్ముతాం కదా, మిట్ట మీది రైతును మాత్రం అది ఎందుకు చెడగొడుతుంది? మాఫీతో అన్నీ తీరతాయని నేను అనను. బ్యాంకు గడప తొక్కనివాడికి, వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చినవాడికి మాఫీ అందదు. కానీ దాన్ని దానం అనడం తప్పు. పంచుకోవాల్సిన నష్టంలో మిగతావాళ్ళు ఆలస్యంగా కట్టిన వాటా అది.

సముద్రం లేని దేశమే అయినా బోట్స్‌వానా 1982 నుంచి 1987 దాకా వరుస కరువులను దాటింది. పనులు పెట్టింది, పిల్లలకు తిండి పంచింది, ఆకలి చావులు రానివ్వలేదు. దానికి వజ్రాల డబ్బు ఉంది నిజమే. డబ్బు ఉండి కూడా పంచనివాళ్ళు లోకంలో లేరా? మన దగ్గర 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. ఆ చట్టం కింద వంద రోజుల పని ఉండేది, కరువు ప్రకటించిన చోట మరో యాభై. రోజులు తక్కువే, కూలి ఆలస్యంగానే వచ్చేది. అయినా దాని వెనక ఉన్న ఆలోచన చాలా పెద్దది. పని అడగడం హక్కు అన్నారు. వాన రాని ఏడాది ఆ రైతు ఒక్కడిదే కాదని ఒక చట్టం ఒప్పుకున్న సందర్భం అది.

బోర్ల సంగతి ఇంకా కష్టం. పక్కవాడు ఐదు వందల అడుగులు వేస్తే నేను ఏడు వందలు. నా బోరులో పడిన నీళ్ళు అతని బోరులోంచి వచ్చినవే. భూమి నాది అంటాను, లోపలి నీళ్ళకు గట్టు ఏది? జిల్లాలో కొన్ని ఊళ్ళలో ఉన్న బోర్లను పైపులతో కలిపారు. వరి మానేసి, ఎండిపోతున్న వానాకాలపు చేలకు ఒకటి రెండు తడులు ఇచ్చుకున్నారు, బోరు లేనివాడి చేనుకు కూడా. కొత్త బోరు వేయబోమని మాట ఇచ్చుకున్నారు. ఈ సంగతి మా తాండాలో చెబితే, బోరున్న ఒక కాకా లేచి, "అప్పు నేను చేసినా, నీళ్ళు అందరివా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. తవ్విన అప్పులో అందరూ భాగం పడితే సరేనా అని బోరు లేనివాళ్ళలో ఒకరు అడిగారు. కాకా వెంటనే ఒప్పుకోలేదు. లెక్క రాయమన్నాడు. తొమ్మిదో తరగతి పిల్లలతో ఆ లెక్క వేయిస్తున్నాను: బోరు ఖర్చు, వడ్డీ, ఎన్ని ఎకరాలు, తడికి ఎన్ని గంటలు.