రెంటికీ పనికొచ్చేది

“ఉయ్యాలకీ పనికి రావాలి, నేలకీ పనికి రావాలి. కానీ ఒక్కటే కొనాలి” అంది మా అమ్మాయి.

నేను చీరకి ఫాల్ కుట్టుకుంటున్నాను. ఉయ్యాల అన్న మాట చెవిని పడగానే నా చేతిలో సూది ఆగిపోయింది. పెళ్లి మాటెత్తితేనే మండిపడే పిల్ల ఉయ్యాల అంటోందేమిటి చెప్మా అని తలెత్తి చూశాను. నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో, “ఆ ఉయ్యాల కాదమ్మా తల్లీ! అడవిలో చెట్లకి కట్టుకుని పడుకునేది. దాని పైన వాన పడకుండా కట్టుకునే టార్పాలిన్ గురించి చెబుతున్నా” అని నవ్వింది.

సెలవులొస్తే మేమైతే పుట్టింటికి పరిగెత్తేవాళ్లం. ఇది వీపున సంచీ తగిలించుకుని కొండలెక్కుతుంది. ఈసారి రెండు ప్రయాణాలట. అక్టోబరులో అరకు వైపు స్నేహితురాలి వాళ్ల కాఫీతోటలో, సిల్వర్ ఓక్ చెట్ల మధ్య ఉయ్యాలలు కట్టుకుని రెండు రాత్రులు. ఆ పైన జూన్‌లో హిమాచల్ కొండలు. అక్కడ సుమారు 3,500 మీటర్ల ఎత్తు దాటాక చెట్లే ఉండవట, గడ్డీ రాళ్లూ తప్ప. ఉయ్యాల కట్టడానికి కొమ్మేదీ? చేతికర్రలు రెండు నిలబెట్టి, వాటి మీద ఇదే గుడ్డని కప్పుగా దించుకుని నేలమీద పడుకోవాలి.

“దానికొకటీ దీనికొకటీ కొనుక్కోరాదటే?”

“ఒక్కోటి వేలల్లో ఉందమ్మా. ఏడాదికి రెండుసార్లు వాడేదానికి రెండు కొంటానా?”

పొదుపు మాట నా బిడ్డ నోట విన్నందుకు సంతోషించాలో, మా పెద్దవాళ్లు చెప్పిన మాట గుర్తుచెయ్యాలో తెలియలేదు. “రెంటికీ చెడ్డ రేవడి సంగతి విన్నావా?” అన్నాను చివరికి.

“విన్నాను. అలా చెడకుండా ఎలా కొనాలో చూద్దామనే నిన్ను పిలుస్తున్నాను” అంది.

ఆ ఆదివారమంతా నాకు పాఠం చెప్పింది. మీరు నవ్వకండి, కాగితం మీద బొమ్మలు కూడా గీసింది. ఉయ్యాల గుడ్డ 11 అడుగుల పొడవు. బిగలాగి కట్టకూడదు. తాళ్లు 30 డిగ్రీలు వాలేటట్టు వదులుగా కట్టాలి. అప్పుడు ఈ కొసనుంచి ఆ కొసకి తొమ్మిదడుగుల చిల్లర వస్తుంది. దానిమీద కప్పు అటో అడుగూ ఇటో అడుగూ ముందుకుంటేనే తలా కాళ్లూ తడవవు. అంటే నడిమి పొడవు 11 అడుగులైనా ఉండాలి.

ఉయ్యాల కోసమే చేసిన టార్పాలిన్లున్నాయట. ఆరు మూలలు, అంచులు లోపలికి వంపు తిప్పి కోస్తారు. ఆ వంపు వల్ల గుడ్డ బిగుతుగా నిలబడుతుంది, గాలికి రెపరెపలాడదు, బరువూ తగ్గుతుంది. రెండు చెట్ల మధ్య దాని దర్జాయే వేరు. కానీ దాన్ని నేలకి దించి ఒక పక్క గోడలాగా నిలుపుదామంటే మూలల దగ్గర గుడ్డ చాలదు. వంపు కోసం కోసేశారు మరి!

రెండోది ఉత్త చదరపు గుడ్డ. 10 అడుగులకి 10 అడుగులు. చూడ్డానికి దుప్పటిలా ఉంటుంది. అంచుల వెంట తాళ్లు కట్టుకోవడానికి చెవులుంటాయి, అంతే. దాన్ని నడిమికి మడిస్తే ఇంటికప్పు, ఒక పక్క ఎత్తితే పంచ, మూలనుంచి మూలకి తిప్పితే 14 అడుగుల పొడవు. ఉయ్యాలకి కావలసినంత! కాకపోతే అలా తిప్పినప్పుడు కొసల దగ్గర పక్కలు సన్నబడిపోతాయి. ఏటవాలు జల్లు కొడితే కాస్త తడవాల్సిందే. పైగా వంపు గుడ్డకన్నా బరువు.

నాకిది వెంటనే అర్థమైంది. రవికకీ చీరకీ ఉన్న తేడాయే కదండీ! రవిక ఒకరి కొలతకి కోసి కుట్టింది. ఆ ఒంటికి అంత బాగా మరేదీ అమరదు, మరో ఒంటికి అదసలే అమరదు. చీరని ఎవరూ కొయ్యలేదు. అందుకే అమ్మకీ వస్తుంది, అమ్మాయికీ వస్తుంది, పాతబడితే ఉయ్యాలకీ బొంతకీ కూడా వస్తుంది.

మర్నాడు సాయంత్రం ఇద్దరం రాణిగంజ్ వెళ్లాం. ముందు మామూలు టార్పాలిన్ల ధర కనుక్కుందామని నేనే పట్టుబట్టాను. ఆ కొట్టాయన నీలం పట్టా తెచ్చి దబ్బున మా ముందు పడేశాడు. “200 జీఎస్ఎం అమ్మా, లారీలకి కూడా కడతారు” అన్నాడు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందని. తువ్వాళ్లు కొనేటప్పుడు మనమూ చూస్తాం. పదడుగుల చదరమంటే తొమ్మిది చదరపు మీటర్ల పైచిలుకు. రెండు కిలోలకి కాస్త తక్కువన్నమాట. సిలికాన్ పూత పూసిన నైలాన్ గుడ్డయితే అంత వైశాల్యమూ అరకిలో తూగుతుంది. “కొండెక్కేటప్పుడు ఆ కిలోన్నర పది కిలోలవుతుందమ్మా” అంది అమ్మాయి.

నైలానుకీ ఒక గుణం ఉంది. అది తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించి కట్టిన కప్పు అర్ధరాత్రి వానలో జారుతుంది, ఎవరో ఒకరు లేచి మళ్లీ బిగించాలి. పాలియెస్టరు అంతగా సాగదు. ఇక గుడ్డ ఎంత నీటిని ఆపుతుందో చెప్పడానికి మిల్లీమీటర్ల లెక్క ఒకటుంది. 1,500 అని ఉంటే దానిమీద మీటరున్నర ఎత్తున నీళ్లు నిలిపినా ఆ బరువుని కాస్తుందని అర్థం. అది విని ఆశ్చర్యపోయాను. గుడ్డల ఓర్పుకి కూడా కొలత కట్టారు!

కొట్లో ఓ మూల పాతకాలపు కాన్వాసు బరకం ఒకటి చుట్టిపెట్టి ఉంది. పూర్వం ఓడల వాళ్లు గుడ్డకి తారు పూసి నీళ్లు దిగకుండా చేసుకునేవాళ్లట, టార్పాలిన్‌లో టార్ అదేనంటారు. మైనమో నూనో తెలియదు గానీ ఆ బరకం వాసన ముక్కుకి తగిలేసరికి నేను రాణిగంజ్‌లో లేను. కోనసీమలో మా తాతయ్యగారింట్లో ఉన్నాను.

అప్పుడు నాకు ఆరేళ్లు. అమ్మకి మూడో కాన్పు. పురుడు అత్తారింట్లోనే పోశారు. తమ్ముడు పుట్టి పన్నెండు రోజులు. కళ్లంలో ధాన్యం రాశి పోసి ఉంది. అల్పపీడనమని వాన మొదలైంది, సాయంత్రానికి గాలి కూడా లేచింది. పురిటిగది మీద పెంకులు జరిగి లోపల ధారలు కట్టింది. ఇంట్లో బరకం ఒక్కటే. అది రాశి మీద ఉంది.

“బరకం తెచ్చి గదిమీద కప్పుదామా నాన్నా?” అన్నాడు మా నాన్న.

“ఏడాది గింజలురా” అన్నాడు తాతయ్య. అంతే. మామ్మ మాట్లాడలేదు.

అమ్మ దూలానికి కట్టిన ఉయ్యాల చీర విప్పింది. గదిలో తడవని మూల చూసి, ఆ చీరనే నాలుగు మడతలు వేసి నేలమీద పరిచి, తమ్ముణ్ణి పడుకోబెట్టింది. తను దుప్పటి తలమీదుగా లాక్కుని, వాడి మీదికి వంగి, తెల్లవార్లూ కూర్చుంది. మా అమ్మాయి అడిగినట్టు ఉయ్యాలకీ నేలకీ కూడా పనికొచ్చిన గుడ్డ ఆ చీర. కప్పు మాత్రం అమ్మే అయింది.

ఈ కథ అమ్మ ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పింది. “మీ తాతయ్య గింజలు తడవలేదు, మీ తమ్ముడూ తడవలేదు. ఇంకేం కావాలి?” అనేది. ఆ తరవాత ఆవిడకి పది రోజులు జ్వరం వచ్చింది. దాన్ని మాత్రం ఈ కథలో కలపకుండా ఎప్పుడూ వేరే చెప్పేది.

తాతయ్య చేసింది తప్పేనా? చాలాకాలం తప్పేననుకున్నాను. ఇప్పుడంత తేలిగ్గా అనలేను. ఆయన కసాయి కాదు. ఆ గింజలు ఇంటిల్లిపాదీ తినేవే, అమ్మతో సహా. బరకం రాశికీ పనికొస్తుంది, ఇంటికప్పుకీ పనికొస్తుంది, కానీ ఒకే రాత్రి రెండిటికీ పనికిరాదు. ఏదో ఒకదాన్ని వదులుకోక తప్పదు. ఆయన ఒకదాన్ని ఎంచుకోవడం తప్పు కాదేమో. ఎంచుకున్నాక, మిగిలిన లోటు ఎవరి వీపు మీద పడుతుందని ఒక్కరూ అడక్కపోవడమే తప్పు. కోడలుంది కదా, చూసుకుంటుంది!

రెంటికీ పనికొచ్చే ప్రతిదాంట్లోనూ ఈ లోటు ఉంటుంది. ఒకచోట కాస్త జల్లు కొడుతుంది, లేకపోతే కాస్త బరువెక్కువవుతుంది. అది పోయే మార్గం లేదు. “ఫలానా ఆవిడ చూడండి, ఉద్యోగమూ చేస్తుంది, ఇల్లూ చక్కబెడుతుంది” అని మెచ్చుకుంటూ ఉంటారు. మనకీ విన్నంతసేపు బాగానే ఉంటుంది. ఆవిడ అర్ధరాత్రి లేచి ఎన్నిసార్లు తాళ్లు బిగించుకుంటోందో మెచ్చుకునేవాళ్లకి కనిపించదు. ఆ పైబరువు మోసేది ఒకరూ, ‘ఒక్కటి చాల్లే’ అని నిర్ణయించేది మరొకరూ అయినప్పుడే అన్యాయం మొదలవుతుంది.

అక్కణ్నించి కొండెక్కేవాళ్ల సామాన్లమ్మే కొట్టుకి వెళ్లి, మా అమ్మాయి చివరికి చదరపు గుడ్డే తీసుకుంది, పాలియెస్టరుది. “వంపుదైతే ఇంకా తేలిక కదే?” అన్నాను. “బరువు మోసేది నేనే కదమ్మా. ఆ మాత్రం మోస్తాను. ఎక్కడ పడితే అక్కడ పడుకోగలిగితే చాలు” అంది. దానికిది పెద్ద మాటని తెలియదు. డబ్బిచ్చి చిల్లర లెక్కపెట్టుకుంటోంది.

నాకింకో సందేహం వచ్చింది. “ఇంత గుడ్డ ఉందిగా, సగం మీదికి, సగం కిందికి పరుచుకుంటే పోలేదూ?” అన్నాను పొదుపరి ఇల్లాలిలా. అమ్మాయి గట్టిగా తల అడ్డంగా ఊపింది. కింద పరిస్తే రాళ్లకీ ముళ్లకీ చిల్లులు పడతాయి. తరవాత దాన్ని మీద కడితే ఆ చిల్లుల్లోంచే కారుతుంది. నేలచెమ్మకి విడిగా చవక ప్లాస్టిక్ పట్టా ఒకటి తీసుకుంది. “రెంటికీ పనికొస్తుంది కదా అని మూడో పని కూడా చెప్పకూడదమ్మా” అంది.

నాకు ఇరవయ్యేళ్ల కాపురంలో ఎవరూ చెప్పని మాట అది. నేనూ ఎవరికీ చెప్పుకోలేదనుకోండి.

ఆ రాత్రి మా మేడమీద, నీళ్లట్యాంకు స్తంభానికీ పిట్టగోడ ఊచకీ ఉయ్యాల కట్టి చూసుకున్నాం. దయతలచి చిన్న వాన కూడా వచ్చింది. గుడ్డ బాగానే కాసింది. అయినా నీళ్లు మరో దారిన వచ్చాయి. స్తంభం మీంచి జారి, ఉయ్యాల తాడు వెంటే నడిచి వస్తున్నాయి. అమ్మాయి ఒక చిన్న దారం ముక్క తెచ్చి, కప్పు నీడలోకి వచ్చాక తాడుకి ముడేసి కిందికి వేలాడేసింది. నీళ్లు అంతదాకా వచ్చి, ఆ దారం పట్టుకుని నేలకి జారిపోయాయి. ఉయ్యాల తడవలేదు.

కిందికొచ్చాక అమ్మకి ఫోన్ చేశాను.

“అమ్మా, తమ్ముడు పుట్టినప్పుడు వానొచ్చిన రాత్రి నువ్వు బాగా తడిశావు కదూ?”

అటునుంచి కాసేపు మాట లేదు. “తడిశానే. వీపంతా తడిసింది. ఇప్పుడెందుకే అవన్నీ?” అంది.

“ఏం లేదు. అడగాలనిపించింది.”

“చలి ఎలా ఉందనుకున్నావూ...” అని మొదలుపెట్టింది. అరగంట చెప్పింది. ఆ జ్వరం సంగతి కూడా ఈసారి అదే కథలో చెప్పింది.