అడగనిది చెప్పాలా?

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్న పెద్దలు, “ఇల్లు అమ్మి చూడు” అని ఎందుకనలేదో నాకిప్పటికీ అర్థం కాదు. కట్టడంలో ఖర్చయ్యేది డబ్బూ, ఓపికానూ. అమ్మడంలో మనశ్శాంతి కూడా ఖర్చవుతుందని నాకు ఈమధ్యనే తెలిసింది.

వారాసిగూడలో మా మామగారు కట్టించిన ఇల్లొకటుంది. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో గుమాస్తాగా చేసేవారు. ఆఫీసుకి నడిచి వెళ్ళిరావచ్చని అక్కడ నూట అరవై గజాలు కొన్నారు. కింద షాబాద్ బండలు, పైన టేకు దూలాల మీద ఇటుకా, సున్నమూ పరిచిన మిద్దె. నడివేసవిలో కూడా మధ్యాహ్నం పూట చల్లగా ఉండేది. పిల్లలు తలో దేశమూ పట్టారు. అంత ఇల్లు చూసుకునే ఓపిక మాకు లేదు. అమ్మేద్దామనుకున్నాం.

మధ్యవర్తి వచ్చాడు. ఇంటిని చూడనే లేదు. వాకిట్లో నిలబడి గజం ఇంత అని లెక్క కట్టేశాడు.

“మరి ఇంటికో?” అన్నాను.

“ఇంటికేముంది మేడమ్? పడగొట్టే ఖర్చు మన మీద ఎయ్యకపోతే అదే పదివేలు!”

న్యూయార్కులో పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన బ్రౌన్‌స్టోన్ ఇళ్ళుంటాయి. మట్టిరంగు రాయి తాపడం చేసి, వరసగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. అవి పాతవైనందుకే ఎక్కువ పెట్టి కొనేవాళ్ళున్నారట. మా ఇల్లు పాతదైనందుకు సున్నా! నేను అందులో వండిన వంటలకీ, తుడిచిన బండలకీ విలువ లేదంటే మనసు చివుక్కుమంది.

అలాంటి సమయంలో ఒక జంట వచ్చారు. ఇద్దరు చిన్నపిల్లలు. పడగొట్టడానికి కాదు, ఉండడానికే కావాలన్నారు. ఆ అమ్మాయి చెప్పులు విప్పి బండల మీద అడుగుపెట్టి, “ఎంత చల్లగా ఉందో ఆంటీ!” అంది. ఆ మాటకే నేను కరిగిపోయాను. వెనక గదిలోకి వెళ్ళి, “పిల్లల మంచం ఇక్కడ వేసుకుంటాం” అని చోటు కూడా చూపించింది.

నా గుండె గతుక్కుమంది. సరిగ్గా ఆ చోటికి పైనున్న దూలానికే చెద పట్టింది. మూడేళ్ళ క్రితం మందు కొట్టించి, పైన రంగు వేయించాం. చూస్తే ఏమీ కనిపించదు. వేలి కణుపుతో కొడితే డొల్ల శబ్దం వస్తుంది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు.

మధ్యవర్తికి చెబితే, “అడిగితే చెప్పున్రి మేడమ్, అడగకపోతే ఊరుకోన్రి” అన్నాడు.

మావారు శుక్రాచార్యుల పక్షం చేరారు. పోతనగారి భాగవతంలో శుక్రుడు బలిచక్రవర్తికి చెబుతాడు కదా, పెళ్ళిళ్ళ విషయంలోనూ, ప్రాణానికీ, విత్తానికీ, మానానికీ ముప్పు వచ్చినప్పుడూ బొంకవచ్చునని! “పైగా మనం బొంకడం లేదే, ఊరుకుంటున్నామంతే” అన్నారు. ఆ సలహా బలి వినలేదన్న సంగతి మాత్రం ఆయనకి గుర్తు రాలేదు.

ఈ తగాదా మా ఇంట్లోనే పుట్టింది కాదు లెండి. రోముకి చెందిన సిసెరో క్రీస్తు పూర్వం 44లో తన కొడుకు కోసం రాసిన ధర్మగ్రంథంలో అచ్చం ఇలాంటి ఇల్లే ఉంది. చెడ్డ కలపతో కట్టి, కూలడానికి సిద్ధంగా ఉన్న ఇల్లు, గదుల్లో పాములు కూడానట! అమ్మేవాడు చెప్పాలా, అక్కర్లేదా అని అందులో గురుశిష్యులిద్దరి వాదం వస్తుంది. కొనమని ఎవరూ బలవంతం చేయలేదు కదా అని గురువు. దారి తప్పినవాడికి దారి చూపకపోవడం కంటే ఇది పెద్ద తప్పని శిష్యుడు. సిసెరో చెప్పాలనే తీర్పిచ్చాడు.

మన చట్టమూ అదే అంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాళ్ళకి తెలిసి, కొనేవాళ్ళు మామూలు జాగ్రత్తతో కనుక్కోలేని ముఖ్యమైన లోపాన్ని చెప్పి తీరాలి. దాచడం మోసం కిందే లెక్క. వేరే ఒప్పందం ఉంటే ఆ మాట వేరు. మావారు వెంటనే, “అయితే ఉన్నది ఉన్నట్టుగా కొన్నామని కాగితంలో రాయిద్దాం” అన్నారు.

కాగితం సరే. ఆ మంచం మాటేమిటి?

రాత్రంతా లెక్క వేశాను. దూలం సంగతి తెలిస్తే వాళ్ళిచ్చేది ఒక ధర, తెలియకపోతే ఇచ్చేది ఇంకో ధర. ఆ రెండింటికీ మధ్య తేడా దేనికి వచ్చిన డబ్బు? స్థలానికి కాదు, గోడలకీ కాదు. నేను నోరు మూసుకున్నందుకు! అంటే ఇంటితోపాటు నా మౌనాన్ని కూడా వాళ్ళకే అమ్ముతున్నానన్నమాట. ఆ సరుక్కి డబ్బిచ్చేవాళ్ళకి, తాము దాన్ని కొంటున్నట్టే తెలియదు. పడగొట్టేవాడికైతే ఈ దూలం ఎలా ఉంటేనేం? కానీ దాని కింద పడుకునేవాళ్ళకి చెప్పకుండా ఎలా?

మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి, స్టూలు వేయించి, దూలం మీద కొట్టి వినిపించాను. ఆమె ముఖం చిన్నబోయింది. “ఆలోచించుకుంటాం ఆంటీ” అని వెళ్ళిపోయారు. మధ్యవర్తి నా వంక చూసిన చూపు మాత్రం ఇంకా మరిచిపోలేదు.

పది రోజులకి ఫోను వచ్చింది. ఆత్రంగా ఎత్తాను.

“ఆంటీ, మీ ఇల్లు మాకు కుదరదు. మార్పించే ఖర్చు మేం భరించలేం. సీతాఫల్‌మండిలో ఇంకోటి చూశాం. మీరొకసారి వచ్చి, అందులో లోపాలేమిటో చూసి చెప్పరూ? మీరైతే దాచరు.”

సంగతి విని మావారు నవ్వారు. “ఇల్లు అమ్ముడుపోలేదు గానీ, నీకో ఉద్యోగం దొరికింది. జీతం లేదు, అంతే!”

ఆదివారం వెళ్ళి చూడబోతున్నాను. మా ఇంటి బోర్డు ఇంకా గేటుకి వేలాడుతూనే ఉంది. వచ్చినవాళ్ళకి ఈసారి మావారే ముందుగా వెనక గది చూపిస్తున్నారు.