పాత సైకిలూ, మూలరూప సమస్యా

పోయిన ఏడాది వానాకాలం ముగిసే రోజుల్లో నేను వొక పాత సైకిలు కొన్నాను. సాహిత్య విమర్శకు కేటాయించిన యీ పుటల్లో సైకిలు గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. అడగవలసిందే. ఆ సైకిలును బాగుచేయించిన మూడు వారాల్లో నాకెదురైన చిక్కూ, తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించే పండితుడికి ఎదురయ్యే చిక్కూ వొకటేనని నాకు తోచింది. తర్వాత మరొక చిక్కు కూడా ఎదురైంది. అది పండితులకు ఎదురు కాదు. వారి లేఖకులంతా ఏనాడో చనిపోయారు గనుక.

పాతబస్తీ ఎరిగినవారికి జుమ్మెరాత్ బజారు గురించి చెప్పనక్కర్లేదు. 1578లో కట్టిన పురానాపూల్ వంతెనకు దగ్గరలో, గురువారం వచ్చిందంటే, నేలమీద పట్టాలు పరిచి పాత సామాను పోస్తారు. పిడిలేని సుత్తి, సుత్తిలేని పిడి, వొంటి చెప్పు, లోపల యంత్రంలేని గడియారపు పెట్టె. పట్నం పారేసిందంతా అక్కడికి చేరి, మళ్లీ ఎవరికో వొకరికి అవసరమవుతుంది. ఇలాంటి బజార్లన్నిటికీ దొంగసొత్తు అనే అపవాదు తప్పదు. 1948లో ఇటలీ దర్శకుడు డిసికా తీసిన 'సైకిలు దొంగలు' చిత్రం చూసినవారికి, రోము నగరపు పాతసామాను బజారులో తన సైకిలు కోసం తండ్రీ కొడుకూ వెతికే ఘట్టం మరపురాదు. సైకిలుంటేనే గోడలకు ప్రకటన కాగితాలు అంటించే ఉద్యోగం. ఆ సైకిలు విడిపించుకోవడానికి ఇంట్లో దుప్పట్లు తాకట్టు పెట్టారు. నేను మాత్రం ఉద్యోగం వున్నవాణ్ణి. ఆ రోజు కాలక్షేపానికి వెళ్లాను. యీ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి.

సైకిలు అమ్మిన ఆమె నడివయసు మనిషి. శాలిబండలో వొక పాత ఇల్లు కూలగొడుతుంటే తలుపులూ కిటికీ చువ్వలతోబాటు అదీ వచ్చిందన్నది. "ఇనుము ధరకే ఇస్తున్న సారూ, మంచిగ జూస్కో" అన్నది. నేను చూశాను. ముందు గొట్టంమీద అరిగిన బిళ్ల. దానిమీద కొంగ తల. తీగెల బ్రేకులు కావు, కడ్డీల బ్రేకులు. వెనక చక్రం హబ్బు మామూలుకన్నా లావుగా వుంది. దానిమీద మురికి గోటితో గీకితే 49 అనే అంకె కనబడింది. ఇంగ్లండులో నాటింగ్‌హాం పట్నపు రాలీ సైకిలు; మూడు గేర్ల స్టర్మీ ఆర్చర్ హబ్బు; 1949లో చేసినది. ఆ హబ్బులమీద చేసిన సంవత్సరం గుద్దేవారు. ఇదంతా నాకు తెలుసు, ఆమెకు తెలియదు. పదిహేనువందలు అడిగింది. నేను పన్నెండువందలకు బేరం చేశాను.

ఇక్కడ ఆగి మొదటి ప్రశ్న వేసుకోవాలి. వస్తువు విలువ ఎరిగినవాడు ఎరగనివాని దగ్గర దాన్ని చౌకగా కొనడం దోపిడీ అవుతుందా? బజారులో నిలబడి వున్నప్పుడు నేనీ ప్రశ్న వేసుకోలేదని ముందే వొప్పుకుంటున్నాను. సైకిలును ఆటోలో వేసుకుని, ఆటో అబ్బాయితో సంతోషంగా కబుర్లు చెబుతూ వచ్చాను.

హుస్సేనీ ఆలం దగ్గరి వొక సందులో సైకిళ్లు బాగుచేసే ముసలాయన వున్నాడు. మా పేటలో అందరూ ఆయన్ను చాచా అనే పిలుస్తారు. ఆయన మాటలు దక్కనీలోవి. నా తెలుగులో రాస్తున్నాను. సైకిలును తలకిందులుగా నిలబెట్టి పెడలు తిప్పి, చెవిపెట్టి విన్నాడు. వైద్యుడు రోగి వీపు తట్టినట్టు ఫ్రేమును పానాతో అక్కడక్కడా తట్టాడు. "యీ సైకిలు ముగ్గురి చేతుల్లో నలిగింది సాబ్. మొదటివాడు షోకుకు తొక్కాడు. తక్కిన ఇద్దరూ పొట్టకు తొక్కారు" అన్నాడు.

ఎలా తెలిసిందంటే, చూపించాడు. సీటు కింది గొట్టం వొకచోట విరిగితే, లోపల కడ్డీ దూర్చి ఇత్తడి పోసి అతికారు. వెనక కారియరు కంపెనీది కాదు. బద్దె ఇనుము వంచి, రెండు కాళ్లు అదనంగా వేసి, మణుగు బరువైనా ఆగేలా చేయించింది. దానికి రెండు పక్కలా కొక్కేలు. పాలక్యాన్లో మరేవో వేలాడిన రాపిడికి కొక్కేల లోపలివైపు అద్దంలా మెరుస్తున్నది. నల్లరంగుమీద ఆకుపచ్చ, ఆకుపచ్చమీద నీలం. చైను కవరుమీద ఉర్దూ లిపిలో తెల్లరంగు పేరు సగం చెరిగిపోయి వుంది. దానికి వోరగా తెలుగు 'మ' వొకటి. అన్నిటికన్న నన్ను ఆకట్టుకున్నది హబ్బు. ఆ హబ్బులో గేర్లు మార్చడానికి ఇరుసులోనుంచి చిన్న గొలుసు బయటకు వస్తుంది. హ్యాండిల్ దగ్గరి మీటనుంచి వచ్చే తీగె దాన్ని లాగుతుంది. తీగె తెగిపోతే గొలుసు వదులై, హబ్బు పై గేరులోకి పోతుంది. పై గేరులో చక్రం మూడోవంతు ఎక్కువ తిరుగుతుంది. బరువు వేసుకుని ఎత్తు ఎక్కేవాడి మోకాళ్లు విరుగుతాయి. ఎవరో మిస్త్రీ ఆ గొలుసును కావలసినంత మేరకే లాగి, ఇనుపతీగెతో ఫ్రేముకు బిగించి కట్టేశాడు. దానితో హబ్బు ఎప్పటికీ నడిమి గేరులో వుండిపోయింది. ఇంగ్లీషు ఇంజనీరు మూడు గేర్లు ఇస్తే, మన మిస్త్రీ రెంటిని కొట్టివేసి వొకటి వుంచాడు.

ఇక పునరుద్ధరణ మాట. పాత సైకిళ్లు సేకరించేవారి మతం ప్రకారం కారియరు తీసి పారేయాలి. రంగులన్నీ గీకి, మళ్లీ నల్లటి ఎనామిలు వేసి, బంగారు గీతలు గీయించి, రాలీ ముద్రలు అంటించాలి. దీన్ని వారు మూలరూపం అంటారు.

మన సాహిత్యంలో యీ మాటకు పెద్ద చరిత్ర వుంది. బ్రౌను దొర వేమన పద్యాల ప్రతులు కూర్చి 1829లో 693 పద్యాలు అచ్చువేశాడు. పదేళ్ల తర్వాత 1839లో వేసిన కూర్పులో 1164 వున్నాయి. పదేళ్లలో వేమన మళ్లీ పుట్టి పద్యాలు చెప్పలేదు కదా! ప్రతులు పెరిగాయి, వింగడించే దృష్టి మారింది. వేమన పేరుతో చెలామణీ అయిన పద్యాల్లో ఏది ఆయనది, ఏది తర్వాత ఎవరో బైరాగి, ఎవరో రైతు, వీధిబడి పంతులు తన కష్టం చెప్పుకోవడానికి అల్లినది? పరిష్కర్త చేతికి చిక్కిన ప్రతి ప్రక్షిప్తమూ ఆ పద్యాల్ని నిజంగా వాడుకున్న మనిషి గుర్తు. దాన్ని గీసిపారేసి, వేమనను ఆయన కాలానికి తిరిగి పంపితే మిగిలేది శుద్ధపాఠం కావచ్చు; ఇన్ని తరాల జనం నోట నలిగిన వేమన మాత్రం కాదు. ఎఱ్ఱన తీరు మరోరకం. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని పూరిస్తూ, దాన్ని రాజరాజనరేంద్రుడి పేరనే చెప్పి, తన చేతిపనిని నన్నయ చేతిలో దాచాడు. చెడిపోయినచోట కంపెనీ భాగం లాంటిదే తెచ్చి అతుకు కనబడకుండా బిగించే మిస్త్రీ ఎఱ్ఱన సంప్రదాయంవాడు. ఆ వినయాన్ని గౌరవిస్తాను. కాని సీటు గొట్టంమీద ఇత్తడి పోసినవాడికి దాచే తీరిక లేదు. మర్నాటి పొద్దునకల్లా సైకిలు రోడ్డుమీద వుండాలి.

మూలరూపం ఎవరి రూపమన్న సంగతి కూడా చూడాలి. రాలీ ముద్ర వేసినంత మాత్రాన నాటింగ్‌హాం కార్మికుణ్ణి గౌరవించినట్టు కాదు. ఆ కార్ఖానాలో పద్నాలుగేళ్లకే పనికి కుదిరిన అలన్ సిలిటో, 1958లో రాసిన నవలకు సైకిలు కార్ఖానాలో లేతుమీద పనిచేసే కుర్రవాణ్ణి నాయకుడిగా పెట్టుకున్నాడు. ఎన్ని ముక్కలు చేస్తే అన్ని పెన్నీలు. మరీ తొందరగా చేస్తే ముక్కకు ఇచ్చే కూలి తగ్గిస్తారు. ఆ లెక్కలోనే అతడి వారమంతా గడుస్తుంది. కొంగ తల వెనుక అతడి చెమట కనబడదు. యీ సైకిలు మొత్తంలో మనిషి చెయ్యి కళ్లకు కనబడేది కంపెనీ చేసిన భాగాల్లో కాదు, విరిగి, అతికినచోట. రాలీ వారికి నాటింగ్‌హాంలో యీ శతాబ్దం మొదట్లోనే ఉత్పత్తి ఆగిపోయింది. హబ్బులు చేసిన స్టర్మీ ఆర్చర్ 2000లో దివాలా తీసి తైవాను వారి చేతికి పోయింది. ఇంగ్లండులో చచ్చిన యీ కడ్డీబ్రేకుల సైకిలు మన దేశంలో మాత్రం బతికింది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1952లో ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ, 1956లో లూధియానాలో హీరో. దీనికి సరిపోయే ఇరవైయెనిమిది అంగుళాల టైర్లు అఫ్జల్‌గంజ్‌లో నేటికీ అడిగిన వెంటనే తీసి ఇస్తారు.

కాబట్టి కారియరు తీయవద్దన్నాను. అతుకు కప్పవద్దన్నాను. నీలంరంగు వుంచమన్నాను. నా సిద్ధాంతమంతా చాచాకు చెప్పాను. ఆయన బీడీ పూర్తయ్యేదాకా విన్నాడు.

"యీ అతుకు మంచి పని కాదు సాబ్" అన్నాడు. "ఇత్తడి సరిగా పారలేదు. డబ్బులు లేనివాడు చేయించుకున్నది. నేనైతే వాడికి గొట్టమే మార్చమని చెప్పేవాణ్ణి. వాడు వద్దనేవాడు. తుప్పు మీకు చరిత్ర. నాకు తుప్పు."

యీ మాటకు నా దగ్గర జవాబు లేదు. మన విమర్శలోనూ యీ జబ్బు వుంది. జానపదుడి పాటలో వున్న ప్రతి తడబాటూ మనకు శైలి. వాడి దారిద్ర్యం మనకు అలంకారం. వీలైతే వాడూ కొత్త గొట్టం వేయించుకునేవాడే, మూడు గేర్లూ వాడుకునేవాడే అన్న సంగతి మరచిపోతాం. చివరకు రాజీపడ్డాం. అతుకు గట్టిపరిచి, కనబడేట్టే వుంచాడు. తుప్పు తిన్న మడ్గార్డులకూ ఫోర్కుకూ నల్లరంగు వేశాడు. చైను కవరు ముట్టుకోలేదు. హబ్బును విప్పి కిరసనాయిలులో నానబెట్టాడు; రెండోరోజు పళ్లచక్రాలు వెండిలా బయటపడ్డాయి, వొక్క పన్నూ విరగలేదు. కొత్త తీగె వేసి మూడు గేర్లూ పలికించాడు. మిస్త్రీ కట్టిన ఆ పాత ఇనుపతీగె ముక్కను నేను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంటే, చాచా మనుమడు నవ్వాడు.

యీలోగా వొక పెద్దమనిషి సైకిలు చూసి పాతికవేలిస్తానన్నాడు. అమ్మలేదు. అప్పుడు మొదటి ప్రశ్న తిరిగి వచ్చింది. పాతికవేల వస్తువును పన్నెండువందలకు బేరం చేసినవాణ్ణి, అతుకులో శ్రమ విలువ గురించి ఉపన్యాసమిస్తున్నాను! గురువారం దాకా ఆగి జుమ్మెరాత్ బజారుకు వెళ్లి, ఆమెకు వెయ్యి రూపాయలు ఇవ్వబోయాను. "ఎందుకిస్తున్నవ్ సారూ?" అన్నది. చెప్పలేకపోయాను. "అక్కా, ఆ సైకిలు మంచిదే" అన్నాను. ఆమె కాసేపు నా మొహం చూసి, నోట్లు కొంగున ముడేసుకుని, "సరే, మల్ల గసొంటిది దొరికితే నీకే పక్కన పెడత" అన్నది. నేను ఇచ్చిన పరిహారం ఆమె లెక్కలో బయానా అయింది. బహుశా ఆమె లెక్కే సరి.

సైకిలు తెచ్చుకోవలసిన రోజు సాయంత్రం వెళితే అది దుకాణంలో లేదు. కొంతసేపటికి చాచా దాన్ని నడిపించుకుంటూ సందు మలుపు తిరిగాడు. కారియరుమీద గ్యాసు సిలిండరు, తాడుతో కట్టి వుంది. ఇంట్లో గ్యాసు అయిపోయిందట. దించుతుంటే సిలిండరు అడుగు జారి, రెండ్రోజుల కింద వేసిన మడ్గార్డు నల్లరంగుమీద జానెడు పొడవున గీరుకుపోయింది.

నాకు కోపం వచ్చింది. దాచుకోలేనంత కోపం. "నన్ను అడక్కుండా ఎలా తీసుకుపోయావు చాచా?" అన్నాను. గొంతు పెరిగిందని పక్క దుకాణంవాడు తల తిప్పి చూడడంవల్ల నాకు తెలిసింది.

"కారియరు వుంచమన్నది మీరే కదా సాబ్" అన్నాడు చాచా. వెక్కిరింపుగా అనలేదు, నిజంగానే ఆశ్చర్యపడి అన్నాడు.

పాలక్యాన్లు మోసిన పేరు తెలియని మనిషి రాపిడిని మూడు వారాలుగా అందరికీ చూపించి మెచ్చుకుంటున్నాను. ఆ రాపిడికీ యీ గీతకూ తేడా ఏమిటి? అదీ బరువే, ఇదీ బరువే. అదీ పొట్టకే, ఇదీ పొట్టకే. అతడు పాతికేళ్ల కిందనో ముప్పై ఏళ్ల కిందనో తన సైకిలుమీద గీశాడు. ఇతడు ఇవాళ నా సైకిలుమీద గీశాడు. నాది అన్న మాట వొక్కటే తేడా. అడగకుండా తీసుకుపోవడం తప్పేనని నేనిప్పటికీ అంటాను. కాని నాకు అంత కోపం తెప్పించింది ఆ తప్పు కాదు, గీత.

చాచా నల్లరంగు డబ్బా మూత తీసి, బ్రష్షు పట్టుకుని, పూయమంటారా అని అడిగాడు. వద్దన్నాను. కూలి తొమ్మిదివందలు అన్నాడు. ఏడువందలు ఇద్దామనుకుని వచ్చినవాణ్ణి, తొమ్మిదివందలూ ఇచ్చి, నడిమి గేరులో ఇంటికి తొక్కుకుంటూ వచ్చాను.