పుణ్యం ఎవరి ఖాతాలో?

మాదాపూర్‌లో మధ్యాహ్నం ఒంటిగంట. ఫోనులో బిర్యానీ బిల్లు తేలుతుంది: ప్యాకింగుకి ఇంత, డెలివరీకి ఇంత, ఆ కిందనే ఆకలిగొన్నవారి కోసం రెండు మూడు రూపాయల విరాళం. ఇలాంటి విరాళాలు అందుకునే ఫీడింగ్ ఇండియా సంస్థను 2019లో ఆహార డెలివరీ యాప్ జొమాటో తనలో కలుపుకుంది. సైబరాబాద్ ఉద్యోగి ఇలాంటి వరుసను ఇప్పుడు చదవను కూడా చదవడు. చదవకుండా ఇచ్చింది దానమవుతుందా?

గీత పదిహేడో అధ్యాయం ప్రకారం, ప్రతిఫలం కోరక, ఇవ్వడం తన విధి అనుకుని తగిన చోట, తగిన వేళ ఇచ్చేది సాత్త్విక దానం. ఫలం చూసుకునో నొచ్చుకుంటూనో ఇచ్చేది రాజసం. యాప్‌లో రూపాయలకు బదులు, కొనుగోళ్ల మీద వచ్చే పాయింట్లను బడికి విరాళంగా మళ్లించేవాడు నొచ్చుకోడు, జేబులోంచి పోయిందేమీ లేదు గనక. ఫలమూ అడగడు. సాత్త్వికం గడప దాకా వచ్చాడు, కానీ ఇవ్వాలన్న తలపు లేకుండా వచ్చాడు. యూదు పండితుడు మైమోనిడిస్ మాత్రం 12వ శతాబ్దంలో దానానికి ఎనిమిది మెట్లు కట్టి, ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరినొకరు ఎరగని దానాన్ని పైమెట్లలోనే పెట్టాడు. ఆ లెక్కన యాప్‌కి మంచి మార్కులే!

అసలు దీన్ని దానంతో పోల్చడమే పొరపాటేమో. మన పాత వర్తక సంఘాలు సరుకు పెరికకు ఇంతని గుడికి ముట్టజెప్పేవి. దాన్ని మగమ అనేవారు. ఉత్తరాది బజార్లలో అలాంటిదే ధర్మాదా. హాథ్రస్‌లోని బిజిలీ కాటన్ మిల్స్ నూలు అమ్మకం మీద ధర్మాదా వసూలు చేస్తే, అదీ వ్యాపార రాబడే అంది ఆదాయపు పన్ను శాఖ. 1970ల చివర సుప్రీంకోర్టు కాదంది. కొనేవాడు తప్పనిసరిగా చెల్లించినా ఆ సొమ్ము మొదటినుంచీ ధర్మానిదే, మిల్లు దానికి కాపలాదారు మాత్రమే.

అంటే అక్కడ దాత ఎవరన్న పేచీ లేదు. బేరంలో ధర్మానికి ఒక వాటా ఉంది, అంతే.

ఇప్పటి దుకాణంలో ఆ వాటా నిలుస్తుందా? నానక్‌రామ్‌గూడలో 2019లో తెరిచిన భవనం ప్రపంచంలోనే తన పెద్ద భవనమని అప్పట్లో అమెజాన్ చెప్పుకుంది. అదే కంపెనీ 2013లో అమెరికాలో అమెజాన్‌స్మైల్ మొదలుపెట్టింది. కొన్నవాడు ఎంచుకున్న సేవాసంస్థకు బిల్లులో అర శాతం, అంటే వెయ్యికి ఐదు, కంపెనీయే ఇచ్చేది. బడుల తల్లిదండ్రుల సంఘాలూ గుళ్లూ తమ పేరు ఎంచుకోమని సభ్యులను అడిగేవి. 2023 ఫిబ్రవరిలో పథకం ఆగిపోయింది. పది లక్షలకు పైగా సంస్థలకు పంచుతుంటే ఒక్కోదానికి సగటున 230 డాలర్లు కూడా అందడం లేదన్నది కంపెనీ చెప్పిన కారణం. కంపెనీకి అది చిల్లర. చిన్న బడికి ఏడాది నోటుపుస్తకాల ఖర్చు. కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు, తప్పుకున్నది దుకాణదారు.

పాత వర్తకులు ఈ ప్రమాదం ముందే ఊహించారు. గుడికి ఇచ్చినదాన్ని రాతి మీద చెక్కించి, చెరిపినవాడికి గంగ ఒడ్డున గోవును చంపిన పాపం తగులుతుందని కింద శాపమూ చెక్కించేవారు. యాప్ నిబంధనల్లో ఆ చోట ఉండేది వేరే వాక్యం: ముందస్తు సమాచారం లేకుండా ఎప్పుడైనా మార్చే హక్కు మాకుంది. విరాళం అందుకునే బడి పెద్దసారు పుణ్యం ఎవరిదని అడగనక్కర్లేదు. జూన్‌లో బడి తెరిచేనాటికి ఈ డబ్బు వస్తుందా అని అడగాలి, జవాబు కాగితం మీద రాయించుకోవాలి.