ఆరు కత్తులు మోసే పడవ

బొమ్మలో ఒక పడవ. అందులో ఆరు కత్తులు మొనలు కిందికి దిగేసి నిలబెట్టి ఉన్నాయి. వాటి వెనక ముసుగు కప్పుకుని, ఒంగిపోయి కూర్చున్న మనిషి. పక్కన ఒక బిడ్డ. ఇద్దరూ మనకి వీపు పెట్టి కూర్చున్నారు. వాళ్ల వెనక నిలబడి ఒకతను గడ వేస్తున్నాడు. పడవకి ఒక పక్క నీళ్లు మడతలు మడతలుగా కదులుతున్నాయి, రెండో పక్క చిన్న అలైనా లేదు. దూరాన బూడిదరంగు గట్టు, కొన్ని చెట్లు. అంతే. అరచేతికి కాస్త పెద్దదైన ఒక టారో ముక్క.

చూసేకొద్దీ ఈ బొమ్మ మన చేత మాట్లాడిస్తుంది. వాళ్లు తల్లీబిడ్డలా? ఏ ఊరు వదిలి పోతున్నారు? చెప్పాపెట్టకుండా రాత్రికి రాత్రే బయల్దేరారా? కత్తుల్ని ఆ ఒడ్డునే పారెయ్యక పడవలో ఎందుకు ఎక్కించుకున్నారు? పోనీ ఇప్పుడు పీకేద్దామంటే, ఆ చిల్లుల్లోంచి నీళ్లు పొంగుకొస్తాయేమో! కొన్ని బాధల్ని దింపుకోవాలన్నా ముందు వాటితోనే అవతలి ఒడ్డు చేరాలి కాబోలు. ఈ చివరి మాట ఎవరో నేర్పింది కాదు. బొమ్మ ముందు కూర్చుంటే దానంతటది నోటికొచ్చింది. టారోని మనసుతో చదవడమంటే ఇదే. ఇంతకు మించిన రహస్యమేమీ ఇందులో లేదు, ఇంతకు మించిన అద్భుతమూ నాకు అక్కర్లేదు.

టారో కట్టలో 78 ముక్కలు. పిచ్చివాడు, సన్యాసి, మృత్యువు, నక్షత్రం, చంద్రుడు, సూర్యుడు వగైరా పెద్ద ముక్కలు 22. మిగిలిన 56 మన పేక లాగే నాలుగు రంగులు: కర్రలు, పాత్రలు, కత్తులు, నాణేలు. పేకలో లేని రౌతు ఒకడు ప్రతి రంగులోనూ అదనం. ముక్క నిటారుగా పడితే ఒక అర్థం, తలకిందులుగా పడితే ఇంకో అర్థం. బట్టీ పట్టే ఓపికుంటే మొత్తం 156. ఆ లెక్క చూసి బెంబేలెత్తి మధ్యలో వదిలేసేవాళ్లకి ఒక్కటే చెప్పాలనిపిస్తుంది: పుస్తకం మూసి బొమ్మ చూడండి. అర్థాలన్నీ అక్కడే, రంగుల్లో, భంగిమల్లో, పాదాల దగ్గర పడి ఉన్నాయి.

మొదట్నించీ ఇలా లేదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఈ ముక్కలు పుట్టింది ఆడుకోవడానికి. మిలాన్ ప్రభువుల కోసం బంగారు రేకు అద్ది చిత్రించినవి న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో, బెర్గామోలోని కరారా అకాడమీలో నేటికీ ఉన్నాయి. వీటితో జోస్యం చెప్పడం ఊపందుకున్నది 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో. అయినా ఒకటీ అరా కట్టల్లో తప్ప, చిన్న ముక్కల మీద మనుషులుండేవారు కారు. ఆరు కత్తులంటే వరసగా పేర్చిన ఆరు కత్తులే. ఎనిమిది పాత్రలంటే లెక్కకి ఎనిమిది. వాటిని చూసి కథ చెప్పమంటే ఎవరైనా ఏం చెబుతారు?

1909 చివర్లో లండన్‌లో రైడర్ సంస్థ అచ్చేసిన కట్ట ఆ లోటు తీర్చింది. దాని వెనకున్న ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది. గీసిన చెయ్యి పమేలా కోల్మన్ స్మిత్‌ది. అప్పటికామెకి 31 ఏళ్లు. పుట్టింది లండన్‌లో, కొంతకాలం పెరిగింది జమైకాలో, బొమ్మలు నేర్చింది బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో. జమైకాలో విన్న అనాన్సీ సాలీడు కథల్ని పుస్తకంగా తెచ్చింది, జనం ముందు కూర్చుని చెప్పింది కూడా. లండన్ లైసియం నాటక సమాజంతో ఊళ్లు తిరిగింది. మహానటి ఎలెన్ టెరీ ఆమెని ముద్దుగా ‘పిక్సీ’ అని పిలిచేది. బీథోవెన్, షూమన్ సంగీతం వింటూ, వింటుండగా కళ్లకి కట్టిన దృశ్యాల్ని కాగితం మీదికి దించేది. 1907లో న్యూయార్క్‌లో ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ తన ఫొటోల గ్యాలరీలో తొలిసారి ఫొటోలు కానివి ప్రదర్శనకి పెడితే, అవి ఈమె బొమ్మలే.

ఇంత తెలిశాక ఆ ముక్కల్ని మళ్లీ చూస్తే నాటకశాలలో ముందు వరసలో కూర్చున్నట్టుంటుంది. చాలావాటిలో అడుగున ఒక అడ్డగీత, దాని వెనక తెర కట్టినట్టు దృశ్యం. రెండు నాణేలు ఎగరేస్తూ గంతులేస్తున్న కుర్రాడి వెనక సముద్రం పోటెత్తింది, ఓడలు అలల మీద ఎక్కి దిగుతున్నాయి. వాడికి ఆ సంగతే పట్టలేదు! తోటలో చేతి మీద డేగతో హాయిగా నిలబడ్డ సంపన్నురాలి పాదాల దగ్గర ఒక నత్త పాకుతోంది. ఎవరడిగారు ఆ నత్తని? ఆ సంపద ఎంత నింపాదిగా పోగైందో చెప్పడానికొచ్చిందా, ఇల్లు వీపున మోసుకు తిరిగే స్వేచ్ఛ ఈమెకి లేదని ఎత్తిపొడవడానికొచ్చిందా? ఇవాళ ఒక జవాబు తోస్తుంది, వచ్చే ఏడు ఇంకోటి. బొమ్మ మారదు. మారింది ఎవరో తెలిసిపోతుంది.

నేర్చుకునే దారి కూడా ఎంత తేలికో! ముక్కలు కలపండి, ఒకటి తియ్యండి, కనబడేది పైకి చెప్పండి. అర్థం కాదు, కనబడేదే. ఎవరున్నారు, ఎటు చూస్తున్నారు, చేతులేం చేస్తున్నాయి, ఎండా వానా. చెబుతూ చెబుతూ ఉండగా గొంతు ఒకచోట తడబడుతుంది. చదవాల్సింది సరిగ్గా అక్కడ. తర్వాత రెండో ముక్క తీసి పక్కన పెట్టండి. అయిదు పాత్రల ముక్కలో నల్లటి అంగీ కప్పుకున్న మనిషి ముందు మూడు పాత్రలు ఒరిగిపోయి, అందులోవి నేలపాలయ్యాయి. వెనక నిలిచి ఉన్న రెండింటినీ అతను చూడటం లేదు. దాని పక్కన నక్షత్రం వచ్చిందనుకోండి. ఒక స్త్రీ మోకాలి మీద కూర్చుని, రెండు కూజాల్లో ఒకటి కొలనులోకీ ఒకటి నేల మీదికీ వంచుతోంది. రెండు బొమ్మల్లోనూ కిందికి జారేది ద్రవమే. అతనికది నష్టం, ఆమెకది దానం. ఈ రెండూ పక్కపక్కన పడేదాకా ఆ ఆలోచన ఈ లోకంలో ఎక్కడ దాక్కుందో!

రేపేం జరుగుతుందో అట్టముక్కకి తెలియదు. తెలుస్తుందని నేను నమ్మను, నమ్మాల్సిన అవసరమూ పడలేదు. మన సంతల్లో చిలక జోస్యం చూసినవాళ్లమే కదా. పంజరంలోంచి చిలక వచ్చి ఒక ముక్క లాగుతుంది, పక్కనున్న మనిషి భాష్యం చెబుతాడు. ఇక్కడ చిలకా మనమే, జోస్యుడూ మనమే, దక్షిణ చేతబట్టుకుని ఎదురుగా కూర్చున్న ఆశపోతూ మనమే. ముక్క పడటం యాదృచ్ఛికం, దాన్ని చూసి మనలో కదిలింది మాత్రం కాదు. ఏళ్లుగా నోరు విప్పని మనిషి ఎవరిదో బొమ్మ చూపించి తన కథ మొత్తం చెప్పేసుకోగలడు. ఈ ముక్కల మహిమ అంటూ ఏదైనా ఉంటే అదే, అది చాలా గొప్పది.

పమేలాకి ఆ పనికి ముట్టింది అతి తక్కువ. 1951లో కార్న్‌వాల్‌లోని బ్యూడ్ ఊళ్లో అప్పులతోనే కన్నుమూసింది. కట్టకి ప్రచురణకర్త పేరూ వెయిట్ పేరూ దక్కాయి. స్మిత్ అనే మాట వాటి పక్కన చేరడానికి దశాబ్దాలు పట్టింది. అయితే ఆవిడ అమాయకురాలేం కాదు. తన పేరులోని మూడు పొడి అక్షరాలూ మెలేసి అల్లిన గుర్తుని ముక్కల అంచుల్లో, గడ్డి పక్కన, రాళ్ల దగ్గర పెట్టేసింది. టారో ఎక్కణ్ణించి మొదలుపెట్టాలని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఇదే: ముందు ఆ గుర్తు వెతకండి. దాని కోసం బొమ్మ నాలుగు మూలలూ వెతికేసరికి, మీకు తెలియకుండానే బొమ్మంతా చూసేసి ఉంటారు. మొదటి పాఠం అయిపోయినట్టే.