ఆ ఇంటికే ఎందుకు?

డాక్టరు చదువంటే మనందరికీ తెలుసు. మెడలో స్టెతస్కోపు, గుమ్మానికి బోర్డు, పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి హోదా! అదే ఓ అమ్మాయి "పబ్లిక్ హెల్త్‌లో ఎం.ఏ. లాంటిది చదువుతానండీ" అంటే, "అంటే, దోమల మందు కొట్టించడమా తల్లీ?" అంటాం. మన హైదరాబాదులోనే 2008లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ మొదలైనా, ఇదేం చదువో మనకింకా సరిగ్గా అంతుపట్టలేదు.

నాకు అర్థమైనంతలో తేడా ఒక్క ప్రశ్నలో వుంది. డాక్టరు "ఏం జబ్బు?" అని అడుగుతాడు. వీళ్లు "ఆ జబ్బు ఆ ఇంటికే ఎందుకొచ్చింది?" అని అడుగుతారు.

తిండి లేకనే అనేస్తే సరిపోదు. 1967లో లండన్ ప్రభుత్వోద్యోగుల మీద మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో పస్తులున్నవాళ్లు లేరు. అయినా అట్టడుగు గ్రేడు మగవాళ్లలో గుండెజబ్బు చావులు పై అధికార్లలో కంటే మూడు రెట్లు పైచిలుకు! సిగరెట్లూ రక్తపోటూ లెక్క తీసేసినా తేడా పూర్తిగా పోలేదు. అంటే మనిషి నిలబడ్డ మెట్టు కూడా ఆయుష్షుని కొలుస్తుందన్నమాట.

సరే, అంత మంచి చదువే. కానీ నాకో ముల్లు గుచ్చుకుంటూ వుంటుంది. పాతబస్తీ గల్లీలోకి ఓ విద్యార్థిని సర్వేకి వెళ్లిందనుకోండి. గదులెన్ని, మనుషులెందరు, దగ్గు ఎన్నాళ్లనించి — అన్నిటికీ ఆ ఇంటావిడ పని ఆపుకుని జవాబు చెబుతుంది. ఆ జవాబులు థీసిస్ అవుతాయి, డిగ్రీ అవుతాయి, ఉద్యోగం అవుతాయి. మరి ఆవిడకేం మిగిలింది? పక్కింట్లో కప్పు పంచదార బదులు తెచ్చుకుంటేనే తిరిగిచ్చేదాకా మనకి తోచదు కదా!

అయితే అడగడం మానేద్దామా? మానేస్తే ఆ దగ్గు ఏ కాగితం మీదికీ ఎక్కదు. లెక్కకి రాని దగ్గుకి బడ్జెట్టూ రాదు.

పైగా ఆ ప్రశ్న ఆవిడ ఇంటి దగ్గరే ఆగేది కాదు. 2024లో మన లక్కగాజులకి జి.ఐ. గుర్తింపు వచ్చిందని సంబరపడ్డాం. లక్కని నిప్పుల సెగ మీద మెత్తబరిచి, గాజుగా వంచి, రాళ్లు ఒక్కొక్కటే అద్దాలి. ఆ సెగ ముందు గంటల తరబడి కూర్చునేవాళ్లున్నారు. మనం లాడ్‌బజార్లో నిలబడి "సెట్టు మీద ఇంకో యాభై తగ్గించు భాయ్" అంటాం. ఇక్కడ తగ్గిన ఆ యాభై చివరికి ఎవరింట్లో తగ్గుతుంది? పాల గ్లాసులోనా, మందు సీసాలోనా? అసమానత అనేది మూసీ అవతల వుండే వింత కాదు. దాని రెండో కొస మన ముంజేతికి వుంది.

అందుకే ఈ చదువుకి వెళ్లే అమ్మాయిలకి నేను చెప్పేది ఒక్కటే. అడగండమ్మా, తప్పకుండా అడగండి. కానీ మీ లెక్కల్లో తేలిందేమిటో మళ్లీ ఆ గుమ్మంలోకే వెళ్లి, ఆవిడకి అర్థమయ్యే మాటల్లో చెప్పి రండి. కొంతైనా బాకీ తీరుతుంది. అప్పుడావిడ "మరి మీ ఇంట్లో గదులెన్ని, మనుషులెందరు?" అని ఎదురడిగితే, నొచ్చుకోకుండా జవాబు చెప్పండి.