హెడ్జ్‌హాగ్‌ల సంరక్షణ: ఒక ధర్మసందేహం

హెడ్జ్‌హాగ్ దోసిట్లో పట్టేంత చిన్న ముళ్ల జంతువు. ఏదుపందితో దీనికి చుట్టరికం లేదు. ఇది చుంచులకు దగ్గరి జాతి. అపాయం వస్తే బంతిలా ముడుచుకుంటుంది. పురుగులు, నత్తలు దీని తిండి. నేల మీద పక్షిగుడ్లు కనబడితే వాటినీ వదలదు. ఈ గుడ్ల దగ్గరే పాత ధర్మసందేహం ఒకటి కొత్త రూపంలో ముందుకొచ్చింది: కొన్ని ప్రాణాలను నిలపడానికి మరికొన్ని ప్రాణాలను తీయవచ్చునా?

స్కాట్లాండ్ పడమటి తీరానికి అవతల ఉన్న సౌత్ యూయిస్ట్ దీవిలో హెడ్జ్‌హాగ్‌లు ఉండేవి కావు. 1974లో తోటలో నత్తల బెడద తగ్గుతుందని కొన్నింటిని తెచ్చి వదిలారు. అవి వేల సంఖ్యకు పెరిగి పక్క దీవులకూ పాకాయి. నేల మీద గూళ్లు పెట్టే ఉల్లంకి జాతి పక్షుల గుడ్లు వాటి పాలయ్యాయి. 2003లో ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ విభాగం హెడ్జ్‌హాగ్‌లను పట్టి, ఇంజెక్షన్‌తో చంపించడం మొదలుపెట్టింది. జంతు ప్రేమికులు ఎదురు తిరిగి, అందినవాటిని ప్రధాన భూభాగానికి తరలించారు. తరలిస్తే అవి అక్కడ నలిగి చస్తాయన్నది అధికారుల వాదన. నేరుగా తెచ్చి వదిలినవి బాగా దెబ్బతిన్నా, కొన్ని వారాలు సంరక్షణలో ఉంచి వదిలినవి మెరుగ్గా నిలిచాయని పరిశోధనలో తేలింది. 2007లో చంపడం ఆగింది, తరలింపు దాని స్థానంలోకి వచ్చింది.

తత్త్వవేత్తలు ఇలాంటి చోట రెండుగా చీలిపోతారు. నేలా నీరూ మొక్కా మృగమూ కలిసిన సమూహం క్షేమమే ధర్మానికి కొలత అని 1949లో వెలువడిన పుస్తకంలో ఆల్డో లియోపోల్డ్ అన్నాడు. ఒక్కో ప్రాణికీ దాని బతుకు దానికి విలువైనదే, దాన్ని లెక్కల్లో కలిపి తీసివేయకూడదని 1983లో టామ్ రీగన్ వాదించాడు. మన దేశంలో తేరాపంథ్ జైన సంప్రదాయాన్ని స్థాపించిన ఆచార్య భిక్షు మూడో దారి చూపాడు: ఒక ప్రాణి నోటి నుంచి మరోదాన్ని తప్పించడం లౌకిక దయ, ఆత్మశుద్ధికి చెందిన దయ వేరు.

ఈ చిక్కులో శిబి చక్రవర్తి కథ మరింత సూటిగా దారి చూపుతుంది. శరణన్న పావురాన్ని వదలకూడదు, డేగ ఆకలీ కాదనలేనిది. శిబి ఆ రెంటిలో దేన్నీ తోసిపుచ్చలేదు. తన తొడ కోసి తూకం వేశాడు, ఖర్చు తన మీద వేసుకున్నాడు. యూయిస్ట్‌లో తప్పు హెడ్జ్‌హాగ్‌ది కాదు, పక్షులదీ కాదు, తెచ్చి వదిలిన మనిషిది. చంపడమంటే ఆ అప్పును హెడ్జ్‌హాగ్ చేత కట్టించడం. పట్టడం, సాకడం, పడవల్లో తరలించడం ఖరీదైన పనే అయినా, ఆ బరువు మోయవలసినవాడే మోసినట్టు అవుతుంది.

దయకు తెలివి తోడు కావాలి. హెడ్జ్‌హాగ్ రాత్రి తిరిగే జంతువు; పట్టపగలు బయట తూలుతూ కనిపిస్తే సాధారణంగా జబ్బు చేసినట్టే. జాలిపడి పాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. ఒళ్లు చల్లబడినదానికి ముందు గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా ఆనించి వెచ్చదనం ఇవ్వాలి, తర్వాతే నీళ్లు, తిండి. చల్లటి ఒంటికి తిండి అరగదు. కోలుకున్నాక దొరికిన చోటే వదలడం మేలు. మచ్చిక చేసుకుంటే ముచ్చట తీరేది మనిషికే.

ఇళ్లలో పెంచే ఆఫ్రికన్ పిగ్మీ రకం విషయంలో ప్రశ్న ఇంకా గట్టిది. దానికి గది 24 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి. చలికి మొద్దునిద్రలోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. ఒళ్లు పెరిగిపోవడం, కణితులు, కాళ్లు పట్టుతప్పే నరాల జబ్బు దీనిలో తరచు కనిపిస్తాయి. ఆపదలో ఉన్నదాన్ని కాపాడడం వేరు, మోజు కోసం పుట్టించి పంజరంలో పెట్టడం వేరు. రెండోదానిలో ఆ జీవి అవసరాలన్నీ పుట్టకముందే యజమాని నెత్తికెక్కిన బాకీలు.

దక్షిణ భారతానికే చెందిన మద్రాసు హెడ్జ్‌హాగ్ ఆంధ్ర, తమిళనాడుల మెట్ట నేలల్లో, ముళ్లపొదల్లో బతుకుతుంది. తమిళనాడులో నాటుమందుకని దాని చర్మం, ముళ్లు వాడేవాళ్లున్నారు. వాహనాల కింద పడేవీ ఉన్నాయి. దీనికి కావలసింది పంజరమూ కాదు, పాలగిన్నే కాదు. ఎవరికీ పనికిరానివని తోచే ఆ పొదల నేలలు. బంజరు పేరుతో చదునుకు ముందుగా పోయేవీ అవే.